నేను వెళ్ళని ఊళ్ళు

"మంగళవారం మధ్యాహ్నం రెండింటికి
మీరు బ్లాక్‌పూల్‌లో ఉన్నారా?"
ఫోన్లో బ్యాంకు అమ్మాయి, మెత్తని గొంతు.

లేనమ్మా.
మంగళవారం రెండింటికి హల్‌లో,
ఆన్‌లబీ రోడ్డు వృద్ధాశ్రమంలో
పెగ్గీ గారి తల దువ్వుతున్నాను.
తొంభై ఒకటేళ్ళ తల,
దువ్వడానికి పట్టుమని పిడికెడు జుట్టు లేదు,
అయినా పాపిట వంకరపోతే ఒప్పుకోదు.

"సాయంత్రం ప్రెస్టన్‌లో బూట్లు కొన్నారా?
రాత్రి మాంచెస్టర్‌లో భోజనం, ముగ్గురికి?"

ముగ్గురికి!
నా కార్డు నాకంటే కలుపుగోలుది.
ఈ దేశమొచ్చి ఆరేళ్ళు,
ఆ సముద్రం ఒడ్డున జెయింట్ వీల్ ఎక్కాలని
ఆరు ఎండాకాలాలు వాయిదా వేశాను.
నా పేరు నన్నొదిలేసి వెళ్ళి ఎక్కి వచ్చింది.

సోమవారం రాత్రి అప్పుడు గుర్తొచ్చింది.
హెస్సెల్ రోడ్డులో, మూసేసిన చేపల కొట్టు పక్కన
గోడలో మిషను. వాన. డ్యూటీ దిగిన కాళ్ళు.
కార్డు పెట్టాను. మింగింది. త్రేన్చనైనా లేదు.
వెనక నీలం టోపీ మనిషి, పాపం,
గొడుగు నా మీదికి వంచి
"అంకెలు మళ్ళీ కొట్టి చూడమ్మా,
నాకూ మొన్న ఇలాగే అయింది" అన్నాడు.
కొట్టాను.
ఆయన గొడుగు పట్టాడు, నేను థాంక్స్ చెప్పాను.
థాంక్స్ చెప్పాను! ఇప్పటికీ మండేది అదే,
పోయిన ఆరువందల నలభై పౌండ్ల కంటే.
తెల్లారి చూద్దాంలే అని బస్సెక్కాను.
మిషను నోట్లో సన్నని ప్లాస్టిక్ నాలుక ఒకటి
నా కార్డుని కరిచి పట్టుకుని
బస్సు మలుపు తిరిగేదాకా ఆగిందట.

అయితే ఈ మెత్తని గొంతు మాత్రం
నిజమని ఎవరు చెప్పారు?
పెట్టేశాను, మాట మధ్యలోనే.
కార్డు వెనకున్న నంబరుకి మనమే చెయ్యాలట.
వెనకా లేదు, ముందూ లేదు, కార్డే లేదు.
బిస్కెట్ డబ్బాలో పాత స్టేట్‌మెంటు వెతికి చేశాను.
ఇరవై రెండు నిమిషాల వయొలిన్ తరవాత
ఇంకో గొంతు: "మీరు మీరేనని రుజువేమిటి?
పెళ్ళికి ముందు మీ అమ్మగారి ఇంటిపేరు?"

నోట మాట రాలేదు కాసేపు.
పదహారో ఏట పీటల మీద వదిలేసిన పేరు,
రేషన్ కార్డులో లేదు, మందుల చీటీలో లేదు,
ఆ పేరుతో అమ్మని పిలిచినవాళ్ళెవరో నాకు తెలీదు.
ఈ వానదేశంలో ఒక కంప్యూటర్‌కి గుర్తుంది.
ఒక్కో అక్షరం చెప్పాను, నెమ్మదిగా,
బీరువా అడుగునుంచి మడత చెదరకుండా
పట్టుచీర తీసినట్టు.
"సరిపోయిందండీ" అంది.
సరిపోయిందట, అమ్మా.

ఇప్పుడు మిషను ముందు నిలబడితే
మొదట దాని మూతి పట్టి లాగుతాను,
ఊగే పన్నేమోనని.
ఎడం చెయ్యి అడ్డం పెట్టి అంకెలు నొక్కుతాను.
మూడో తరగతిలో పలక మీది కూడికలు
పక్కన కూర్చున్న సింహాద్రమ్మ చూడకుండా
మోచెయ్యి వేసి దాచిన ఒడుపు,
ఇన్నాళ్ళకి పనికొచ్చింది.
కార్డు బయటికి రాకపోతే కదలను.
అక్కడే నిలబడి ఫోను. ఎవరి గొడుగూ వద్దు.
కొత్త అంకెలు నాలుగు.
ఇక్కడ కూడా చెప్పను.

మొన్న నా వెనక ఒక ముసలాయన
"పగలగొడతావా ఏంటి?" అని నవ్వాడు.
జరిగింది చెప్పాను. నవ్వు ఆగింది.
తన వంతు వచ్చాక తనూ రెండు వేళ్ళతో
లాగి చూశాడు,
సంతలో ఎద్దు పళ్ళు పట్టి చూసినట్టు.

వాన మొదలైంది. నా దగ్గర గొడుగుంది.
ఆయన మీద పట్టబోయి, ఆగాను.
ఇంకా అంకెలు నొక్కుతున్నాడు.
నాలుగడుగులు వెనక్కి వేసి
అటు తిరిగి నిలబడ్డాను,
గొడుగు తెరవకుండా.