ఉదాహరణ

ఆదివారం మార్కాపురంలో కోత మిషన్లు ఆగుతాయి.
పలకల దుమ్ముకు మాత్రం సెలవు లేదు,
డిగ్రీ కాలేజీ మెట్లెక్కి
నా చెప్పుల వెంటే క్లాసులోకొచ్చి కూర్చుంటుంది.

నలభై రెండేళ్లకు దూరవిద్య.
ఫారంలో తత్వశాస్త్రం దగ్గర టిక్కు పెట్టింది
నేను కాదు, నెట్ సెంటరు కుర్రాడు.
ఫీజు తక్కువక్కా అన్నాడు. సరేనన్నాను.

హజరత్తయ్య సారు మొదటి పాఠం:
మనసంటే ఏమీ రాయని పలక అన్నాడట
ఎప్పుడో గ్రీసులో ఒకాయన,
చాలా వందలేళ్లకు పారశీకంలో ఒక హకీమూ అదే మాట.
నాకు నవ్వాగలేదు.
ఆ పెద్దలెవరూ పలక కోసినట్టు లేదు సారూ,
రాయని పలకలోనూ రాయి ఉంటుంది.
పొర ఎటుందో ఉలి అంచుతో అడిగి
అది ఒప్పుకున్న వైపే చీల్చాలి,
కాదని కొడితే పెంకులే.
సారు చాక్‌పీసు తిప్పుతూ కాసేపు నిలబడి
"పరీక్షలో ఇది రాయొద్దు, మర్చిపోనూ వద్దు" అన్నారు.

చలికాలంలో తర్కం మొదలైంది.
కొండ మీద పొగ ఉంది కనుక నిప్పు ఉంది,
వంటింట్లో లాగా.
ఇంత చిన్న మాటకు ఐదు మెట్లు:
ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం.
వేల ఏళ్లుగా అదే కొండ, అదే పొగ,
ఒక్కరూ ఎక్కి చూసి రాలేదా అనుకున్నాను.
ఎక్కలేని వాళ్లకే ఆ చదువని
తర్వాత తెలిసింది.

హేతువు గాడి తప్పితే వ్యభిచారమంటారట.
వెనక బెంచీలో గిద్దలూరు కుర్రాళ్లు కిసుక్కుమన్నారు.
నేను ఆ మాట కింద గీత గీసుకున్నాను.

ఇంట్లో మా ఆయన కాలేషా
గోడకానుకుని దగ్గుతాడు.
పద్దెనిమిదేళ్లు కోత మిషను ముందు నిలబడ్డ మనిషి.
బీడీల వల్లమ్మా అంటాడు ఓనరు.
బీడీలే అని చీటీ మీద రాశాడు డాక్టరు.

రాత్రి అందరూ పడుకున్నాక
అంచు విరిగిన పలక ఒకటి తీసి రాసుకున్నాను:
ఈ రొమ్ములో రాయి ఉంది.
దుమ్ములో పనిచేశాడు కనుక.
ఎక్కడెక్కడ ఆ దుమ్ముందో అక్కడక్కడ ఈ దగ్గు,
పోయినేడు పోయిన మాల్యాద్రిలాగా,
అంతకు ముందేడు వాళ్లన్నలాగా.

మరి బీడీయే హేతువని వాళ్లంటే?
రోజుకు రెండు కట్టలు కాల్చే
కూరగాయల బజారు పిచ్చయ్యకు ఈ దగ్గు లేదు.
అదొక్కటే చాలదు.
బీడీ ముట్టకుండా ఈ దగ్గున్న మనిషి
ఒక్కరు కావాలి.
దుమ్ములో బతికిన మనిషి, ఒక్కరు.

బలపం పట్టుకుని ఎవరా అని ఆలోచిస్తుంటే
నాకు దగ్గొచ్చింది.

ఎప్పట్లా కొంగు అడ్డం పెట్టుకోలేదు.
దగ్గు పూర్తయ్యేదాకా కూర్చుని
నా పేరు రాశాను: హుస్సేనమ్మ, పాలిషింగు సెక్షను.

సోమవారం ఒంగోలు బస్సు, లేబరాఫీసుకు.
పొదిలి దాటాక సంచిలోకి చూస్తే
రాపిడికి సగం అక్షరాలు చెరిగాయి.
నిగమనం అసలే కనపడటం లేదు.
పక్క సీటు ముసలాయన అడిగాడు,
పిల్లకాయలకా పలక అని.
కాదు పెద్దాయనా,
ఆఫీసరుకి.