తాగిన నీళ్ళు లెక్కలోకి రావు

కాన్యే కొండ కింద మా బడి.
రెండు తరగతులు, రెండు మీటర్లు, ఒక సుద్దముక్క.
వారంలో ఎవరి అంకె తక్కువ పెరిగితే
పుచ్చకాయ వాళ్ళది.

మా సెత్స్వానాలో వానకీ డబ్బుకీ ఒకటే మాట, పులా.
అందుకేనేమో
పిల్లలు చుక్కల్ని చిల్లరలా దాచారు.
జొన్నగంజి గిన్నెలు కడిగిన నీళ్ళు
బచ్చలి మడికి,
చేతులు కడిగినవి బకెట్లోకి,
బకెట్ మరుగుదొడ్డికి.

ఆరో తరగతి బొయినీలో
సాయంత్రం రాసుకున్న అంకె
తెల్లారేసరికి పదకొండు లీటర్లు పెరగడం చూసింది.
గోడ వెనక గొట్టం గుట్టుగా కారుతోంది.
అది అవతలి జట్టు గొట్టం.
అయినా పరిగెత్తుకెళ్ళి చెప్పింది.

శుక్రవారం ఆ ఐదో తరగతే గెలిచింది.
చప్పట్ల మధ్య
ఒలెబిలె పెదవులు చూశాను. బీటలు.
"మంగళవారం నుంచి బళ్ళో తాగలేదు టీచర్,
ఓడిపోతామని."

బోర్డు తుడిచేశాను.
గ్లాసు నింపి ఇచ్చాను.
వాడి గుటకలు తప్ప
గదిలో ఇంకో చప్పుడు లేదు.
రెండో గ్లాసూ అడిగాడు.

తర్వాత పుచ్చకాయ కోశాం,
యాభై మూడు ముక్కలు, నాకొక తొక్క.
"గింజలు ఎవరెంత దూరం ఉమ్ముతారో
వచ్చేవారం అదీ పోటీ!"
అన్నాడు వాడు, నోరంతా ఎర్రగా,
గెడ్డం మీంచి రసం కారిపోతుంటే.