ఖాళీ డబ్బా ఇవ్వకూడదు

మే నెల నడిమధ్యలో ఫ్రిజ్ చచ్చిపోయింది.
ఖాదర్ వచ్చి, దాని వీపు విప్పి చూసి
"గ్యాస్ పోయిందక్కా, ఖాళీ చేసి
రెండ్రోజులు తలుపు తీసే ఉంచండి" అన్నాడు.

కొరిటెపాడు ఎండ వరండాలోకి రాకముందే
గచ్చు మీద పాత పేపర్లు పరిచి
ఒక్కొక్కటే దించాను.
టమాటా సాస్ సీసాలు మూడు,
మూడిట్లోనూ అడుగున చెంచాడేసి:
పారెయ్యడానికి మనసొప్పనంత,
తినడానికి చాలనంత.
పిజ్జాతో వచ్చిన మిరపగింజల పొట్లాలు,
నూడుల్స్ బండతను ఊరికే ఇచ్చిన సోయా సాస్ పాకెట్లు,
లెక్కపెడితే నలభై ఒకటి.
యార్డు మీంచి గాలి తిరిగితే ఊరంతా తుమ్మే గుంటూర్లో ఉండి
చిటికెడు మిరపగింజలు
ఏ కరువుకని దాచానో!

సాస్ పెట్టి ఇత్తడి చెంబు తోమాను.
కొన్నప్పటి రంగు వచ్చింది, నాకే ముచ్చటేసింది.

పచ్చళ్ళ దగ్గరే చెయ్యి ఆడలేదు.
కిందటేడు తెలివి మీరిపోయి
బూజు పట్టిన మాగాయని కరివేపాకు కుండీలో పాతిపెట్టాను.
ఎరువవుతుందనుకున్నా.
వారం తిరక్కుండా మొక్క మాడిపోయింది.
మనుషులకే గానీ
ఉప్పు తిన్న విశ్వాసం మట్టికుండదు.

నూనె తూములో వంచబోయి ఆగాను,
మా వీధి కాలవకి అసలే గొంతు పూడుకుపోయింది.
పేపరు ముక్కలతో అద్ది అద్ది తీసి
పిప్పంతా పొట్లం కట్టాను.
గోళ్ళ సందుల్లో రాత్రిదాకా మంట.

ఏడున్నరకి సలోమి బండి ఈల.
"సీసాలు కడిగి విడిగా ఇవ్వమ్మా, నాలుగు డబ్బులొస్తయ్.
మూతలు తీసెయ్. లేబుళ్ళు వేణ్ణీళ్ళలో నానెయ్, అవే ఊడొస్తయ్."
పాకెట్ల గుప్పిడి చాపితే వెనక్కి నెట్టింది:
"ఇయ్యా? ఇయ్యి దేవుడు కూడా తీసుకోడు."

అన్నీ అయ్యాయనుకుంటే
కింది అర వెనక, గోడకి అంటుకుని
ఒక స్టీలు డబ్బా.
మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు:
నూతక్కి హైమావతి, 1991.

మా వదిన.
డబ్బా నిండా కజ్జికాయలు పంపింది ఓసారి.
ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని
నేను పండుమిరప పచ్చడి పట్టి నింపి పెట్టాను.
ఇద్దామనుకున్న ఆదివారమే ఓణీల ఫంక్షన్లో
పంక్తిలో పదిమంది మధ్య
"మా ఆడపడుచు పచ్చడంటే ఉప్పుగల్లు నాకినట్టే" అంది.
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను.
డబ్బా ఇవ్వలేదు.
ఆరేళ్ళు.

అరండల్‌పేట ఎంత దూరం?
ఆటో ఎక్కితే పది నిమిషాలు.

స్క్రూడ్రైవరు పెట్టి మూత లేపాను.
నల్లబడ్డ ఎరుపు, అంచుల్లో తెల్లగా పేరుకున్న ఉప్పు.
తినకూడదని తెలుసు.
అయినా వేలికొస తగిలించి నాలిక్కి రాసుకున్నాను.

ఉప్పెక్కువే.

పుల్లమజ్జిగ పోసి నానబెట్టాను,
శనగపిండితో రుద్దాను,
తవుడు పోసి రాత్రంతా ఉంచాను,
డాబా మీద ఎండలో బోర్లించాను, వెల్లకిలా పెట్టాను.
అడుగున స్టీలుని ఉప్పు కొరికిన చోట
చిన్న చిన్న గుంటలు, సూది మొనలంత.
అవి తోమితే పోయేవి కావు.

సలోమి చూసి అడిగింది, "ఇదీ ఇస్తావా?"
"పేరుంది దాని మీద" అన్నాను.

రెండ్రోజులైంది. ఫ్రిజ్ తలుపు ఇంకా తెరిచే ఉంది.
డబ్బాలో మూడు గుప్పిళ్ళ పంచదార పోసి
మూత పెట్టాను. చీర మార్చుకున్నాను.
ఆటో వచ్చేలోగా ఎందుకో మళ్ళీ తీసి వాసన చూశాను.
పంచదారకి వెల్లుల్లి వాసన పట్టేసింది.

పట్టుకెళ్తా అలాగే.
ఏమన్నా అంటే అననీ,
ఉప్పెక్కువైందని మాత్రం
అనలేదుగా.