నాలుగో పంపు

ఎలోయ్ బరేలా బిగించిన పాత పంపు
ముసలితనంతో పోయిందనుకున్నాను.
ఆ తర్వాత నేను బిగించినవి:
మొదటిది రెండు నెలలు బతికింది,
రెండోది ఐదు వారాలు.
మూడోది పందొమ్మిది రోజులకే
లార్డ్స్‌బర్గ్ రోడ్డు మీద, నడి ఎండలో,
ఒకసారి దగ్గి, రెండుసార్లు ఎగిరిపడి
చేతులెత్తేసింది.

డెబ్బై ఒకటి నాటి షెవర్లే. సీటు వెనకే ట్యాంకు.
"మా ఆయన మాట వినేది, నీ మాటా వింటుందిలే"
అంది ఎలోయ్ భార్య, నోట్లు లెక్కపెట్టుకుంటూ.

డెమింగ్‌లో ఇంటికో వైద్యుడు.
ఎండ, అన్నాడు పోస్టాఫీసు ముసలాయన,
పైపులోనే పెట్రోలు ఆవిరైపోతోంది,
బట్టలారేసే చెక్క క్లిప్పులు పెట్టు.
పెట్టాను. పన్నెండు,
తీగ మీద పిచ్చుకల్లా వరసగా.
బడి పార్కింగులో పిల్లలు పడిపడి నవ్వారు.
కడ్డీ అరిగి ఉంటుంది, అన్నారింకొకరు.
విప్పి కొలిచాను. ఐదూ ముప్పావు అంగుళాలు,
వెంట్రుకవాసి తేడా లేదు.
అది జారిపోకుండా గ్రీజు పూసి, పైకి తోసి
పంపు బిగించేసరికి మోచేతుల దాకా నలుపు.
మర్నాడు క్లాసులో
సుద్దముక్క మీద నా వేలిముద్రలు.

చచ్చిన మూడింటినీ కోసి చూశాను.
మూడింటిలోనూ పొర ఒకే చోట చిరిగింది,
పళ్ళూడిన బుగ్గలా లోపలికి పీక్కుపోయి.
చూశాను. చూసి కూడా
విడిభాగాల కొట్లో గిల్బెర్టో మీద విరుచుకుపడ్డాను:
నాసిరకం సరుకు అంటగడతావా?
అత్త మీద కోపం దుత్త మీద.
ఆ కుర్రాడు రసీదు వంకే చూస్తూ నిలబడ్డాడు.

అక్టోబరులో గాలి పీడనం పాఠం.
ఏటా చేసేదే, ఒంగోల్లో ఏడేళ్ళు, ఇక్కడ నాలుగు:
ఖాళీ సోడా డబ్బాలో రెండు చెంచాల నీళ్ళు,
కింద మంట, ఆవిరి రాగానే పటకారుతో పట్టి
చన్నీళ్ళలో బోర్లా
టంగ్.
డబ్బా నడుం విరిగింది. వెనక బెంచీ ఈల వేసింది.
నేను పటకారు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఆ చప్పుడు నాకు తెలుసు.
ముప్పై మైళ్ళు దాటాక ప్రతిసారీ
నా వీపు వెనక వినబడేది,
పానా ఏదో దొర్లిందనుకునేదాన్ని.
బండి ఆగిపోయి, అరగంట కూర్చుంటే
ఏమీ ఎరగనట్టు మళ్ళీ కదిలేది.
బంకులో మూత తిప్పితే ఉస్సుమనేది,
ఎండకి ఉబ్బిందనుకునేదాన్ని.
అది వదిలిన ఊపిరి కాదు,
అప్పటికి పీల్చుకోగలిగింది.

వేసవి మొదట్లో ఎవరో రాత్రి గొట్టం పెట్టి
సగం ట్యాంకు లాగేశారు.
మర్నాడే తాళం మూత కొన్నాను,
తళతళలాడుతూ, రబ్బరు అంచుతో,
చీమ కూడా దూరనంత బిగువుగా.
చీమ దూరని చోట గాలి మాత్రం ఎలా దూరుతుందని
పదకొండేళ్ళుగా ఊరందరి పిల్లలకీ చెప్పినదాన్ని
ఒక్కసారైనా నన్ను నేను అడగలేదు.

పాత మూత బండి సొరుగులోనే ఉంది,
తుప్పు, ఆవగింజంత రంధ్రం.
పిన్నీసుతో దాని మట్టి తీశాను.

నేను గుమ్మంలో కనబడగానే గిల్బెర్టో
చెయ్యి అటకమీదికి వెళ్ళిపోయింది, అదే పెట్టె కోసం.
"వారంటీలో రాసుకోనా?"
వద్దు, అన్నాను. పూర్తి ధర తీసుకో.
తప్పు సరుకుది కాదు.
అతను నమ్మలేదనుకుంటాను. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

మొన్న లార్డ్స్‌బర్గ్ దాటి వెళ్ళాను, అరిజోనా బోర్డు దాకా.
వీపు వెనక ఏ చప్పుడూ లేదు.
క్యాబులో కాస్త పెట్రోలు వాసన,
రాత్రిపూట కిటికీ దగ్గరికి రెండుసార్లు లేస్తున్న మాట నిజం.
క్లిప్పులు మాత్రం తియ్యలేదు.