ఒక వాటా ఎక్కువ

ఆపియా రేవు నుంచి ముప్పై గంటలు.
ఫకావోఫోలో విమానం దిగే చోటు లేదు,
ఓడ ఆగే చోటూ లేదు.
పగడపు గట్టుకి అవతల అది ఊగుతుంటే
కింద చిన్న పడవలోకి దూకమన్నారు.
"కెరటం వచ్చినప్పుడు దూకాలి,
ధైర్యం వచ్చినప్పుడు కాదు"
అన్నాడు పడవవాడు కెలెకోలియో.
దూకాను. ఒక చెప్పు సముద్రం ఉంచుకుంది.

ఇక్కడ చూడదగ్గవేమిటని
లుహియా అవ్వని అడిగాను.
చాప అల్లుతోంది, తలెత్తలేదు.
"అటు సముద్రం.
ఇటు కూడా.
మధ్యలో మా పందులున్నాయి, చూశావా?"

చూశాను.
పోటు నీళ్లు వచ్చిపోయే రాళ్ల దొడ్లో
ఈదుకుంటూ
పీతల కోసం మూతి ముంచే పందులు.
కనవ మాను తొలిచి చేసిన పడవ,
దాని అతుకులు కుట్టిన కొబ్బరి పీచు తాడు.
లోతు గోతుల్లో పులక దుంప,
ఉప్పునీటి మీద తేలే పలచటి మంచినీటిని
వేళ్లతో తడుముకుంటూ.
కొండ చూద్దామంటే కొబ్బరిచెట్టు ఎక్కాల్సిందే.

మధ్యాహ్నం చేపలొచ్చాయి.
మట్టల మీద వరసగా పరిచారు,
ఒంటి మీద ఇంకా నీలం ఆరలేదు.
ఇనాతి అంటారు ఈ పంపకాన్ని.
వల వేసినవాడికీ అంతే, వేయనివాడికీ అంతే.
మొన్న పుట్టిన పాపకి వాటా,
మంచం దిగని మేష్టారికి వాటా.
పేరు పిలవగానే పిల్లలు
బుట్టలు తలకి బోర్లించుకుని పరుగు.

"లుహియా ఇల్లు. నలుగురు."
"ఐదుగురు" అంది అవ్వ.
పంచేవాడు వేళ్లు మడిచి చూసుకోలేదు.
ఐదో చేప పెట్టాడు.

రాత్రి దీపం దగ్గర చెప్పింది.
ముత్తవ్వ చిన్నప్పుడు
పెరూ నుంచి ఓడలొచ్చాయట,
దీవిని దులిపి మనుషుల్ని ఏరుకుపోయాయి.
ముత్తవ్వ తమ్ముడికి పదేళ్లు.
నాలుగు కొబ్బరికాయలు అమ్మడానికి
ఓడెక్కాడు.

"పేరేమిటి?"

"తెలీదు బాబూ. పేరు వాడితోనే పోయింది.
ఆకలైతే ఇంట్లోనే ఉంటుంది కదా."

కాసేపు కప్పు మీద గాలి నడిచింది.
మరి ఆ ఐదో చేప
రోజూ ఎవరు తింటారని అడిగాను.

"పిల్లి" అంది, పళ్లు లేని నవ్వుతో.
"ఇవాళ నువ్వు తిన్నావు."

రాసుకుందామని తెచ్చిన పుస్తకం
తెరవకుండానే పడుకున్నాను.
గడప మీద బూడిదరంగు పిల్లి
తెల్లారేదాకా
నన్నే చూస్తూ కూర్చుంది.