పన్ను కట్టుడు

మొజంజాహీ మార్కెట్ కాడ సడన్ బ్రేకు.
ఎనిమిదో నంబరు బస్సు ఆగింది,
నేను ఆగలే.
నిలువు రాడ్డు వచ్చి మూతికి తగిలింది.
చేతిల పడ్డది చిల్లర అనుకున్న,
చూస్తే పన్ను.

పద్దెనిమిదేండ్లు బిళ్ళలు లెక్కబెట్టిన చేతులివి.
వేళ్ళ సందుల్ల పగుళ్ళు,
గడియారం పట్టీ కింద ఎర్రటి కడియం.
ఆడోళ్ళకు జీరో టికెట్ వచ్చినంక
చిల్లర తగ్గింది,
తోలు జర నిమ్మళించింది.
ఈ లాభం ఏ లెక్కల పుస్తకంల ఎక్కదు.

అఫ్జల్‌గంజ్ పండ్ల దవాఖానల
నుస్రత్ డాక్టరమ్మ ముందు నా వేళ్ళు చూసింది,
నోరు తర్వాత.
"నీకు లోహం పడదా బాలనర్సమ్మా?"
పెండ్లినాటి గిల్టు కమ్మలు చెవులను తిన్నయి,
చిల్లర వేళ్ళను తిన్నది,
మిగిలింది నోరే డాక్టరమ్మా.
ఆమె నవ్వింది.
నేనూ నవ్వబోయి చెయ్యి అడ్డం పెట్టుకున్న.

వీపు మీద చిన్న చిన్న గళ్ళు అంటించిండ్రు,
ఒక్కో గడిల ఒక్కో లోహం.
రెండు దినాలు తానం లేదు,
సీటుకు ఆనుడు లేదు,
నా వీపే ఒక టికెట్ల కట్ట.
పీకి చూస్తే
నికెల్ గడి ఒక్కటే కందిపోయి ఉంది,
అప్పుడే పంచ్ కొట్టినట్టు.

ఇగ బేరం మొదలు.
అగ్గువ బ్రిడ్జిల నికెల్ ఉంటది, వద్దు.
టైటానియం మర దవడల దించుతరంట,
చానామందికి పడతది, నీకూ పడొచ్చు అన్నది.
ఆ 'పడొచ్చు' మీద అన్ని నెలల జీతం పెట్టాల్నా?
జిర్కోనియా అని ఇంకోటి, పింగాణి లెక్క తెల్లగ.
దాని ధర విన్నంక నా నాలుక
ఖాళీ సందుల పోయి దాక్కుంది.

ఇంటి పన్ను కట్టిన, నల్లా పన్ను కట్టిన,
నోట్లె పన్ను కట్టించుకునుడు
ఇంత పెద్ద ముచ్చటనుకోలే.

ఆఖరికి తీసి పెట్టుకునేదే తీసుకున్న.
గులాబి రంగు చిప్ప, దానికొక తెల్ల గింజ,
తీగ లేదు, కొక్కెం లేదు.
ఎముక మానినంక చూద్దామన్నది డాక్టరమ్మ.
చూద్దాం.

పన్ను లేని ఆ ఇరవై రోజులు
'సికింద్రాబాద్' అంటే సీటీ వినబడేది.
నిజం సీటీ అనుకొని డ్రైవర్ యాదయ్య
రెండుసార్లు బస్సు కదిలించిండు,
ఒక ముసలామె కాలు ఇంకా కిందనే ఉండె.
ఇప్పుడు తేటగ పలుకుతున్న.
వెనక సీటు కాలేజీ పోరగాండ్లకే
ఏదో పోగొట్టుకున్నట్టుంది.

రాత్రి పన్ను తీసి
అలవాటుగ స్టీలు గ్లాసుల వెయ్యబోయి
ఆగిన.
దానికేం దురద పుడతది!
అయినా లేచి
గూట్లె గాజు గ్లాసు కోసం వెతికిన.