బొటనేలు తియ్యి, నాన్నా

లింకు పంపాను. నొక్కారు.
తెర మొత్తం ఎర్రగా నిండింది.
నా గుండె ఒక మెట్టు జారి ఆగింది.
కాదు, రక్తం కాదది.
కెమెరా మీద ఆనిన వేలు,
వెనక లైటు పడి
దానిమ్మ గింజలా వెలుగుతున్న
ఆరేళ్ళ బొటనవేలు.

వేలు తియ్యమన్నాను ఇంగ్లీషులో, హిందీలో,
ఉద్యోగం నేర్పిన అరబీలో.
"అక్కా, ఈమె ఏమంటాందో తెలీలే.
రక్తం యాడ్నుంచి వస్తాందో కూడా తెలీలే."

ఆ 'యాడ్నుంచి' విని హెడ్‌ఫోను సర్దుకున్నా.
కువైట్‌లో, కిటికీ లేని గదిలో,
నాలుగు తెరల మధ్య
మా రాజంపేట మాట.
"బొటనేలు పక్కకు తియ్యి, నాన్నా."
తీశాడు.

అబ్బాసియా. వంటగది.
పగిలిన గాజు సీసా. వాషింగ్ మెషీనుకు
ఆనుకుని కూలబడిన సలోమి.
చుట్టూ ఆవకాయ.
ఏది కారం నూనో, ఏది నెత్తురో
ఫోను చెప్పదు.
నాన్న ఎడారి సైట్లో, సిగ్నలు లేని షిఫ్టులో.

"నీకెన్నేళ్ళు, కెజియా?"
"తొమ్మిది. పై నెల పది."
"ఉతికిన గుడ్డ ఏదైనా తీసుకో."
కళ్ళు మూసుకునే అంది వాళ్ళమ్మ:
"అది కొత్త టవలే. పాతది తీసుకో."
"కొత్తదే తీసుకో" అన్నా నేను.
ఆ పిల్ల ఒక్క క్షణం ఇద్దరి మధ్యా నిలబడి
కొత్తది తీసింది.

"మణికట్టు మీద పెట్టి అదుము. ఇంకా.
అట్లా కాదమ్మా, చపాతీ పిండి కాదు.
ఊరికి పోయే ముందు
జిప్పు పడని సూట్‌కేసు మీద కూర్చుంటారే,
అట్లా."
అర్థమైంది. మోకాళ్ళ మీద లేచి
ఒళ్ళంతా చేతుల్లోకి ఒంపింది.
"అమ్మకు నొప్పి పుడతాంది, ఆంటీ."
"పుట్టనీ. వదలొద్దు."
"టవలు తడిసిపాయ."
"తియ్యొద్దు. దాని మీదే ఇంకోటి."

ఎబినేజరు పీటీ చొక్కా విప్పాడు,
ఫోను వదలకుండానే.
తెర చీకటైంది. చొక్కా చేతిలోంచి దూరి
నేనూ బయటికొచ్చాను.

అంబులెన్సు కింద ఆగింది.
తలుపు గడియ పైన ఉంది.
అక్కకు అందుతుంది. అక్క లేస్తే చెయ్యి లేస్తుంది.
శిక్షణలో ఈ పేజీ లేదు.
"స్టూలుందా, ఎబీ?"
"దాని మింద నీళ్ళ క్యానుంది. నాకు లెయ్యదు."
"ఇంకేముంది?"
"పెరుగు బకెట్టు. ఖాళీది."

ఫోను నేల మీద పెట్టి పోయాడు.
ఇక నాకు కనపడేదల్లా కప్పు,
ఎగ్జాస్టు ఫ్యాను, దానికి వేలాడే జిడ్డు పోగు.
బకెట్టు ఈడ్చిన గరగర.
కెజియా అంకెలు. లెక్కపెట్టమని
నేను చెప్పలేదు. నలభై దగ్గర తప్పి
మళ్ళీ ముప్పై నుంచి.
మైకు ముందు నోరు తెరిచి
ఉండిపోయాను.

గడియ చప్పుడు.
బూట్లు.
ఎవరిదో అరబీ: ఖలాస్, హబీబ్తీ, ఖలాస్.
"ఆంటీ, వదలమంటాండారు. వదలొచ్చా?"
"వదులు, తల్లీ" అన్నాను.
అప్పటికే తెర నల్లగా ఉంది.
బ్యాటరీ అయిపోయిందో, ఎవరైనా తొక్కారో.
నా మాట చేరిందో లేదో.

ఫారం నింపాలి.
సాయం చేసినవారి వయసు: తొమ్మిది కొట్టాను.
గడి ఎర్రబడి వెనక్కి నెట్టింది.
ఆరు కొట్టాను. అదీ అంతే.
పద్దెనిమిదికి తక్కువ ఒప్పుకోదట.
ఖాళీగా వదిలేశా. అడిగితే చూద్దాం.

విరామంలో మెట్ల కింద, దుమ్ముగాలిలో,
చాయ్ కప్పు పక్కన పెట్టి
ఫోను టార్చి వేశాను.
బొటనవేలు దాని మీద ఆనించాను.
ముప్పై నాలుగేళ్ళ వేలు.
గోరు చుట్టూ కాస్త ఎరుపు, మధ్యలో నలుపు.
వాడిదైతే మొత్తం వెలిగింది.